జర్మన్ ఫాంటసీ ఆటలోని పేర్లను తెలుగులోకి తేవడం: పట్టికతో మొదలుపెట్టి పైకి చదివేదాకా

జర్మన్‌లో పుట్టిన రోల్ ప్లేయింగ్ ఆటల్లో, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆటల్లో, బాగా పేరున్నది 'డాస్ ష్వార్ట్సె ఔగె'. మాటకు మాట చెప్పుకుంటే 'నల్ల కన్ను'. ఉల్‌రిష్ కీజో, ఆయన మిత్రులు కలిసి తయారుచేసిన ఈ ఆట 1984లో ష్మిట్ ష్పీలె సంస్థ పెట్టెలో బయటికొచ్చింది. కీజో అంతకుముందు అమెరికా ఆటలను జర్మన్‌లోకి అనువదించిన మనిషి. పేరు విలువ తెలిసినవాడు. ఆట ప్రధానంగా ఆవెంటూరియా అనే ఖండం మీద సాగుతుంది. అక్కడ ఒక పేరు వినగానే ఆ మనిషి చలిదేశపు నావికుడో, ఎడారి వర్తకుడో, కొండల్లో ఇనుము కొట్టేవాడో తెలిసిపోతుంది. 40 ఏళ్లుగా పోగుపడ్డ అలాంటి వేల పేర్లను తెలుగులో పెట్టడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

జర్మనీలో చదువుకుంటూ వారాంతంలో తెలుగు స్నేహితులతో ఈ ఆట ఆడాలనుకునేవాళ్లకీ, జర్మన్ వీడియో గేమ్‌లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాయాలనుకునేవాళ్లకీ ఇది ఉపయోగపడుతుంది. బల్ల దగ్గర మీరు మీరు ఆడుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. అనువాదాన్ని నలుగురిలో పెట్టాలంటే మాత్రం హక్కులున్న సంస్థకు ముందే ఉత్తరం రాయండి. నల్ల కన్ను ఇప్పుడు ఉలిసెస్ ష్పీలె దగ్గర ఉంది. వాళ్లు 2015లో ఐదో ఎడిషన్ తెచ్చారు.

1. ముందు పట్టిక

అనువాదం మొదలుపెట్టకముందే పేర్లన్నిటినీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ఒక్కో పేరుకు ఇన్ని గళ్లు కావాలి: జర్మన్ రాత, జర్మనులు పలికే తీరు, మాటకు అర్థం ఉంటే ఆ అర్థం, ఆ పేరు పెట్టినవాళ్లు ఎవరు, తెలుగు పేరు, 'కి' 'ని' 'తో' చేరితే వచ్చే రూపం, 'అతను, ఆయన, ఆమె, అది'లో ఏది వాడాలన్నది.

పేర్లను జర్మన్ పుస్తకం నుంచే ఎత్తి రాసుకోండి, ఇంగ్లీషు అనువాదం నుంచి వద్దు. 1992లో వచ్చిన ఈ ఆట కంప్యూటర్ రూపం ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు ఖండం పేరే 'ఆర్కేనియా' అయిపోయింది. తర్వాతి ఇంగ్లీషు పుస్తకాల్లో అది మళ్లీ ఆవెంటూరియా. రెండింటినీ చూసి రాసేవాడు ఒకే నేలకు రెండు పేర్లు పెట్టి కూర్చుంటాడు.

2. ఈ పేరు పెట్టింది ఎవరు?

ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఈ ప్రశ్నే. పుస్తకం రాసిన రచయితను పక్కన పెట్టండి. కథలోని ఆ లోకంలో ఈ పేరు ఎవరి నోట పుట్టింది? పొలంలో పనిచేసే రైతు నోటా? మంత్రవిద్యాలయంలోని పండితుడి నోటా? ఆ జాతివాళ్లు తమకు తాము పెట్టుకున్నదా? లేక వాళ్లంటే పడనివాళ్లు తిట్టుగా పెట్టిందా?

జర్మన్‌లో రైతు పేర్లు అచ్చ జర్మన్ మాటలతో ఉంటాయి. పండితుల పేర్లలో లాటిన్ వాసన కొడుతుంది. మనకూ సరిగ్గా అలాంటి రెండు పొరలున్నాయి, అచ్చ తెలుగు, సంస్కృతం. రైతు పిలిచే జంతువుకు సంస్కృత సమాసం తగిలించినా, పండితుడి మంత్రానికి పల్లెమాట పెట్టినా ఆ లోకం చెదిరిపోతుంది. ఫాంటసీ అనగానే 'మహా', 'ఘోర', 'భయంకర' అంటూ సంస్కృతంలోకి దూకే అలవాటు మనకు గట్టిగా ఉంది. పట్టికలో ఆ నాలుగో గడి నింపితే ఆ అలవాటుకు పగ్గం పడుతుంది.

'రోట్‌ప్యూషెల్' అని ఆవెంటూరియాలో ఒక కుందేలు ఉంది. 'రోట్' అంటే ఎరుపు, 'ప్యూషెల్' అంటే కుచ్చు. ఇది పిల్లలూ రైతులూ పెట్టిన ముద్దుపేరు. 'రక్తశశకం' అంటే అది మీద పడి పీకేస్తుందేమో అనిపిస్తుంది. 'ఎర్రకుచ్చు' చాలు. "నిన్న ఉచ్చులో రెండు ఎర్రకుచ్చులు పడ్డాయి" అని వేటగాడు అంటే ఎవరూ అర్థం అడగరు.

3. అర్థం లేని పేర్లు: పలుకుబడిని పట్టుకోవడం

మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చాలావరకు అనువదించేవి కావు, తెలుగు లిపిలో రాసేవి. జర్మన్ అక్షరాలను ఇంగ్లీషు లెక్కన చదివితే ఇక్కడే దారి తప్పుతాం. ముందే నియమాలు రాసి పెట్టుకోండి.

డబ్ల్యూ అంటే వ. టీ, హెచ్ కలిసి వస్తే ఉత్త ట; కాబట్టి నావికుల దేశం 'టోర్‌వాల్'. జే అంటే య. ప్రేమకూ మద్యానికీ అధిదేవత 'రాయా', రాహ్జా కాదు. అచ్చు ముందు వచ్చే ఎస్ జకారం అవుతుంది. దక్షిణాదిన ఉన్న ఒక పట్టణానికి ఇంగ్లీషు లెక్కన 'సెలెం' అని రాస్తే మన పాఠకుడికి తమిళనాడు సేలం, అక్కడి మామిడిపళ్లు గుర్తొస్తాయి. జర్మన్ లెక్కన 'జెలెం' అంటే ఆ తంటా ఉండదు. జెడ్ అంటే ట్స. ఆ ధ్వని మన 'చుక్క', 'చాప'లో ఎప్పటినుంచో ఉన్నదే. అయినా చకారం రాస్తే ఎవరెలా చదువుతారో చెప్పలేం గనుక, అదే ధ్వనితో మొదలయ్యే పుట్టుకల దేవత పేరును 'త్సా' అని రాయడం మేలు. సీ, హెచ్ కలిసి అ, ఓ, ఉ తర్వాత వస్తే గొంతులోంచి వచ్చే ఖ.

ఓ మీద రెండు చుక్కలున్న అక్షరానికి సరిజోడు మనకు లేదు. మన సైన్సు పుస్తకాలు 'ష్రోడింగర్' అని ఎప్పుడో తేల్చేశాయి, అదే ఓకారాన్ని వాడండి. యూ మీద రెండు చుక్కలుంటే 'యూ'. దేశాల పేర్ల చివర జర్మన్‌లో వచ్చే 'ఇయెన్' మనకు 'ఇయా' అవుతుంది. వాళ్ల 'ఇండియెన్' మన ఇండియా, వాళ్ల 'ఆజియెన్' మన ఆసియా. ఆవెంటూరియెన్‌ను ఆవెంటూరియా అన్నది అందుకే.

రాసిన ప్రతి పేరునూ ఇంకోసారి తెలుగు చెవితో వినండి. చావుకూ నిద్రకూ దేవుడైన 'బోరోన్' మంచి ఉదాహరణ. జర్మన్‌లో రసాయన మూలకాన్ని 'బోర్' అంటారు కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. మనం 'బోరాన్' అని రాశామో, కాకిని వెంటేసుకు తిరిగే ఆ మౌనదేవత పదో తరగతి ఆవర్తన పట్టికలో కూర్చుంటుంది. రెండుచోట్లా ఓకారం పెట్టి 'బోరోన్' అనే రాయాలి, పుస్తకమంతా అలాగే ఉండాలి.

ఆవెంటూరియా దక్షిణాదిన ఉండే టులామిడులు అనే ప్రజల పేర్లు అరబ్బీ, పారశీక ఛాయలో ఉంటాయి. 'హస్రబాల్ బెన్ యాకుబాన్' వంటివి. ఇక్కడ తెలుగువాళ్లకు కలిసొచ్చే సంగతొకటి ఉంది. హైదరాబాదు పుణ్యమా అని ఉర్దూ పేర్ల రాత మన కంటికి అలవాటే. ఖ, ఘ, జ వాడుతూ ఆ తీరులోనే రాయండి. టోర్‌వాల్ పేర్ల చివర మగవాళ్లకు 'సన్', ఆడవాళ్లకు 'డోటిర్' వస్తాయి. వాటిని 'కొడుకు', 'కూతురు' అని మార్చకండి. ఉత్తరాది నావికుల గాలి ఆ చివరి అక్షరాల్లోనే ఉంది.

4. జంతువులు, వింతజీవులు

అసలైన పని ఇక్కడుంది, సంతోషమూ ఇక్కడే.

'వుర్మ్' అనే మాట తీసుకోండి. ఇవాళ్టి జర్మన్‌లో అది పురుగు. పాత జర్మన్‌లో పాము, మహాసర్పం కూడా. 'లిండ్‌వుర్మ్', 'టాట్సెల్‌వుర్మ్', 'గ్లెట్షర్‌వుర్మ్' అంటూ ఆటలో ఎన్నో వుర్మ్‌లు కనిపిస్తాయి. నిఘంటువు పట్టుకుని 'పురుగు' అని రాసేస్తే కొండంత జీవి కాస్తా వానపాము అయిపోతుంది. కానీ మన పల్లెల్లో పామును ఏమంటారో గుర్తు చేసుకోండి. రాత్రిపూట పాము పేరెత్తరు, 'పురుగు' అంటారు. పాము కరిచినా 'పురుగు ముట్టింది' అనే చెప్తారు. జర్మన్ వుర్మ్‌లో ఉన్న రెండర్థాలూ మన పల్లె నోట్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అందుకని రెండంచెల పద్ధతి మేలు. జంతువుల పుస్తకంలో శీర్షికగా స్పష్టమైన పేరు పెట్టండి. ఊరివాళ్ల సంభాషణలో మాత్రం 'పురుగు' రానివ్వండి. "గుట్ట మీదికి పోకండి బాబూ, అక్కడ పురుగుంది" అని ముసలమ్మ చెప్తే, ఆడేవాళ్లు చెప్పుకాలితో నలిపేద్దామని బయల్దేరతారు. గుహలో దాన్ని చూశాక అర్థమవుతుంది ఆమె ఏమందో. జర్మన్ మూలంలో ఆ క్షణం ఇంత బాగా పండదు.

శీర్షికల సంగతి. టాట్సెల్‌వుర్మ్ ఆల్ప్స్ పర్వతాల జానపద కథల్లోంచి వచ్చిన జీవి. పాము ఒళ్లు, పిల్లి మొహం, పొట్టి కాళ్లు. 'టాట్సె' అంటే పంజా. 'పంజాపాము' అంటే సరిపోతుంది. లిండ్‌వుర్మ్‌లోని 'లిండ్'ను చూసి లిండెన్ చెట్టు అనుకోకండి. పాత జర్మన్‌లో దానికీ పామనే అర్థం. 'మహాసర్పం' అనండి. 'మహానాగం' మాత్రం వద్దు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పెరిగిన ఆటగాడి చేత నాగాన్ని చంపించడం వేరే కథ అవుతుంది, ఆ బరువు మూలంలో లేదు.

'డ్రాఖె'ను డ్రాగన్ అనే ఉంచండి, పిల్లలకు కూడా తెలిసిన మాట. ముందు చేరే ముక్కను అనువదిస్తే చాలు: చెట్టు డ్రాగన్, గుహ డ్రాగన్, ముత్యపు డ్రాగన్, చక్రవర్తి డ్రాగన్. 'మెకర్‌డ్రాఖె'లోని 'మెకర్న్' అనే క్రియకు మేకలా అరవడమనీ, ఊరికే సణగడమనీ రెండర్థాలు. 'సణుగుడు డ్రాగన్' రెండోదాన్ని పట్టుకుంటుంది, మేకను వదిలేస్తుంది. దాని అరుపును వర్ణించే వాక్యంలో మేకను మళ్లీ తీసుకురండి. పేరులో పోయినదాన్ని వర్ణనలో రాబట్టుకోవడం అనువాదకుడికి దక్కిన హక్కు.

'వెస్ట్‌విండ్‌డ్రాఖె' దగ్గర కాస్త ఆగాలి. మాటకు మాట 'పడమటి గాలి డ్రాగన్'. ఆవెంటూరియాకు పడమట ఉన్నది సముద్రం, ఏడు గాలుల సముద్రం. అటునుంచి వచ్చేది తడిగాలి. కోస్తా ఆంధ్రలో పడమటి గాలి అంటే మే నెలలో ఒళ్లు కాల్చే వడగాలి. మాట సరిగ్గా ఉన్నా ఒంటికి తగిలే వేడి తప్పు. 'పడమటి కడలి డ్రాగన్' అంటే దిక్కూ నిలుస్తుంది, తడీ నిలుస్తుంది.

'గ్రుఫ్ట్‌ఆసెల్' భూగర్భ సమాధుల్లో బతికే పెద్ద పురుగు. 'ఆసెల్' అంటే రాళ్ల కింద, తేమలో కనిపించే చిన్న బూడిదరంగు జీవి. శాస్త్రనామం వెతుక్కుంటూ కూర్చోకుండా 'గోరీపురుగు' అనండి.

వీడియో గేమ్ అనువదించేవాళ్లకు ఇంకో రకం చిక్కు వస్తుంది. పిరాన్హా బైట్స్ సంస్థ 2001లో తెచ్చిన 'గోథిక్'లో జర్మన్ మూలంలోనే కొన్ని జంతువులకు ఇంగ్లీషు పేర్లున్నాయి: స్కావెంజర్, మోల్‌రాట్, స్నాపర్. పోలండ్‌లో ఆ ఆటకు విపరీతమైన అభిమానులు. అక్కడి అనువాదకులు ఆ ఇంగ్లీషును అలాగే వదిలెయ్యలేదు. స్కావెంజర్‌ను పీనుగుల్ని తినేదన్న అర్థంలో, స్నాపర్‌ను పన్ను అనే మాటలోంచి, సొంత భాషలో కొత్తగా కూర్చారు. ఆ దారే మంచిదని నా గట్టి నమ్మకం. ఆ కథ జరిగేది ఖైదీల గని ప్రాంతంలో, పేర్లు పెట్టింది ఆ ఖైదీలే. మాటలు మొరటుగా ఉండాలి. స్కావెంజర్‌ను 'పీనుగుపిట్ట' అనండి. బొచ్చులేని బలిసిన మోల్‌రాట్‌ను 'బోడికొక్కు' అనండి; పందికొక్కు తెలిసిన వాడెవడికైనా బొమ్మ కళ్లముందు కడుతుంది. 'షట్టెన్‌లాయ్‌ఫర్'కు 'నీడమెకం' బాగుంటుంది. మెకం అనే అచ్చ తెలుగు మాటను ఇలాంటి చోట కాకపోతే ఇంకెక్కడ వాడతాం?

5. జాతులు

మరుగుజ్జు అనే మాటను ముందే పక్కన పెట్టేయండి. మన చుట్టూ ఉన్న పొట్టి మనుషులను నొప్పించడానికి వాడే మాట అది. నల్ల కన్నులో డ్వార్ఫ్‌లనే ఈ పొట్టి జాతికి తమదంటూ పేరుంది, 'ఆంగ్రోషిం'. వాళ్లు కొలిచే ఆంగ్రోష్ దేవుడి పేరు మీదుగా వచ్చింది. తెలుగులో 'ఆంగ్రోషులు' అంటే గౌరవంగానూ ఉంది, బహువచనమూ నప్పింది. వాళ్లలో నాలుగు తెగలు. దాగలి ఆంగ్రోషులు, గుట్ట ఆంగ్రోషులు, వజ్రపు ఆంగ్రోషులు తేలిగ్గా వస్తాయి. నాలుగో తెగ పేరులోని 'ఎర్ట్స్'కు ముడిఖనిజమనే అర్థమూ ఉంది, 'ఆది, ప్రధాన' అని చెప్పే ఉపసర్గ కూడా అదే. ఒకటి ఎంచుకుని రెండోది పారెయ్యకుండా 'మూలఖని ఆంగ్రోషులు' అంటే రెండూ ఒదుగుతాయి.

ఎల్ఫ్‌లను గంధర్వులనో యక్షులనో అనాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దు. గంధర్వుడు అనగానే ఇంద్రసభ, శాపం, వీణ అన్నీ వెంట వస్తాయి. ఎల్ఫ్‌లుగానే ఉంచి తెగలను తెలుగు చేయండి: అడవి ఎల్ఫ్‌లు, మంచు ఎల్ఫ్‌లు. నది పొంగితే మునిగే పచ్చిక నేలను జర్మన్‌లో 'ఔ' అంటారు. గోదావరి జిల్లాల 'లంక' దానికి చాలా దగ్గర. కానీ లంక ఎల్ఫ్ అంటే రావణుడు అడ్డొస్తాడు. 'ఏటిగట్టు ఎల్ఫ్‌లు' అనండి.

ఓర్కులను మనుషులు 'నల్లబొచ్చు' అనీ, గోబ్లిన్లను 'ఎర్రబొచ్చు' అనీ తిడతారు. మూలంలో ఉన్నదీ ఈ అర్థమే. శత్రువు పెట్టిన పేరు కాబట్టి దాన్ని నాజూకు చెయ్యకూడదు. వర్ణన రాసేటప్పుడు 'ఓర్కులు', సైనికుడి నోట 'నల్లబొచ్చోళ్లు'.

'హెక్సె' అనే స్త్రీలు ఈ ఆటలో ఆటగాళ్లు ఎంచుకోదగ్గ పాత్రలు, భూమితల్లి లాంటి ఒక శక్తిని నమ్ముకున్నవాళ్లు. 'మంత్రగత్తె' అనవచ్చు. చేతబడి, బాణామతి అన్న మాటలను వాళ్ల దరిదాపులకు రానివ్వకండి. ఆ నిందలతో మన ఊళ్లలో నిజంగా ప్రాణాలు పోయాయి.

6. దేవుళ్లు, నెలలు

పన్నెండుమంది దేవుళ్ల పేర్లే పన్నెండు నెలల పేర్లు. నెలకు 30 రోజులు, చివర 5 'పేరులేని రోజులు', మొత్తం 365. దేవుడి పేరును ఒకచోట ఒకలా, నెల పేరును ఇంకోచోట ఇంకోలా రాస్తే పంచాంగమే చెడుతుంది. సూర్యదేవుడు ప్రాయోస్‌ను ఆదిత్యుడిగా, యుద్ధదేవత రోండ్రాను దుర్గగా మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. రోండ్రాకు సింహం, దొంగల దేవుడు ఫెక్స్‌కు నక్క, ఆతిథ్యదేవత ట్రావియాకు పెద్దబాతు పవిత్రం. ఆ జతలు వాళ్లవి, మన దేవతల వాహనాలు కావు.

ఆ అయిదు రోజులకు అధిపతి పదమూడోవాడు, 'నామెన్‌లోజె'. ఇతన్ని 'అనామకుడు' అంటే ఊరూపేరూ లేని సామాన్యుడైపోతాడు. 'పేరులేనివాడు' అనండి, వెన్ను జలదరిస్తుంది. అదే జర్మన్ మాట గోథిక్ కథానాయకుడికీ వాడతారు. అతను పేరు చెప్పబోతే ఎదుటివాడు వినిపించుకోడు. అక్కడ 'అనామకుడు' దివ్యంగా అమరుతుంది.

7. మనుషుల బిరుదులు

జర్మన్‌లో బిరుదు పేరు తర్వాత వస్తుంది. మనకు ఊరైనా, ఇంటిపేరైనా, బిరుదైనా ముందే: పల్నాటి బాలచంద్రుడు, తాండ్ర పాపారాయుడు. అదే తీరులో 'జ్ఞాని రోహాల్', 'ఎలుగుబంటి వాల్డెమార్'. ఆ వాల్డెమార్ వంశం పేరు లోవెన్‌హౌప్ట్, అంటే సింహపు తల. వంశనామాన్ని అనువదించక్కర్లేదు, జెండా మీది బొమ్మను వర్ణించేటప్పుడు అర్థం అదే బయటపడుతుంది.

'బేయోర్న్ డెర్ బ్లెండర్' అనే నావికుడున్నాడు. అలాగే దింపితే వంటింట్లో మిక్సీ తిరుగుతుంది. జర్మన్‌లో 'బ్లెండెన్' అంటే కళ్లు మిరుమిట్లు గొలిపి మాయచెయ్యడం, కళ్లు పొడిచి గుడ్డివాణ్ని చెయ్యడం కూడా. కథంతా చదివాకే ఏదో ఒకటి తేల్చుకోవాలి. నేనైతే 'కనికట్టు బేయోర్న్' వైపే మొగ్గుతాను, 'కన్ను', 'కట్టు' రెండూ అందులో ఉన్నాయి గనుక. అతని పోటీదారు ఫిలియాసన్ ఆవెంటూరియాను 80 వారాల్లో చుట్టిరావాలని పందెం కాసినవాడు. జూల్ వెర్న్ నవలలో 80 రోజుల్లో భూమి చుట్టిన ఫిలియాస్ ఫాగ్‌ను తలచుకుంటూ రచయితలు పెట్టిన పేరు. బిరుదు 'ఫాగ్‌వుల్ఫ్'. అందులో పొగమంచు కోసం, తోడేలు కోసం వెతక్కుండా ఉన్నదున్నట్టు రాయండి. కొందరు పాఠకులు తమంతట తామే పోల్చుకుంటారు.

8. మంత్రాలు

పండితుల మంత్రాలకు లాటిన్ ముసుగు ఉంటుంది. 'ఇగ్నిఫాక్సియుస్'లోని 'ఇగ్నిస్', మన 'అగ్ని' ఒకే వేరు నుంచి వచ్చినవి. అందుకని ఇక్కడ సంస్కృతం నిరభ్యంతరంగా వాడండి.

వెలుగు మంత్రం తీరు వేరు, అది పిల్లల పాటలా ఉంటుంది: 'ఫ్లిమ్ ఫ్లామ్ ఫుంకెల్, బ్రింగ్ లిష్ట్ ఇన్స్ డుంకెల్'. తళుక్కుమను, చీకట్లోకి వెలుగు తే అని భావం. ప్రాణమంతా ప్రాసలో ఉంది. భావం కొద్దిగా జరిగినా ప్రాస జారకూడదు: 'మిణుకు మిణుకు మిణుకు, చీకటీ ఇక వణుకు!'

ఆట పేరు మాటేమిటంటే, ఆ నల్ల కళ్లు దూరంలో జరిగేవాటిని చూపించే మాయావస్తువులు. మన దగ్గర అంజనం వేసి చూడటం గుర్తొస్తుంది, నలుపుతో సహా. పేరుగా 'నల్ల కన్ను'నే ఉంచండి. అదేమిటని కొత్త ఆటగాడు అడిగితే మాత్రం అంజనమని చెప్పండి.

9. విభక్తులు, సర్వనామాలు

హలంతంగా ముగిసే మనిషి పేరుకు విభక్తి చేర్చేటప్పుడు మధ్యలో అక్షరాలు కలవకుండా చూసే గుర్తును కీబోర్డులో వాడండి. 'ఆల్రిక్‌తో' అని విడిగా కనిపించాలి, 'ఆల్రిక్తో' అని ముద్దకట్టకూడదు. జాతుల పేర్లను తెలుగు చేసేయండి: ఓర్కు, ఓర్కులు, ఓర్కుకి. మీరు కూర్చిన ప్రతి పేరునూ తిప్పి చూడండి. నీడమెకం, నీడమెకాన్ని, నీడమెకాలు. నాలుక తడబడితే పేరు మార్చాల్సిందే.

జర్మన్ వ్యాకరణ లింగం మనకు పనికిరాదు. వాళ్లకు డ్రాగన్ పుంలింగం, ఆడపిల్ల నపుంసకలింగం. మనకు ముఖ్యమైనది మర్యాద. షాఫిర్ అనే చక్రవర్తి డ్రాగన్ మాట్లాడుతుందా, మాట్లాడతారా? ఆస్థానంలో ఉన్నవాళ్లు 'ఆయన' అంటారు, గొర్రెలు పోగొట్టుకున్న కాపరి 'అది' అంటాడు. ఎవరు ఏమంటారో పట్టికలో రాసుకోండి. ఒక్క సర్వనామంతో మాట్లాడేవాడి పక్షం తెలిసిపోవడం తెలుగుకున్న బలం.

10. పైకి చదవడం

పట్టిక పూర్తయ్యాక ఆట తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి ఒక సన్నివేశం పైకి చదవండి. మీరు ఏమీ వివరించకండి. వాళ్లు ఏ పేరును తప్పు పలికారో, ఏ పేరు విని చోటుకాని చోట నవ్వారో, ఏ రెండు పేర్లను ఒకటే అనుకున్నారో గుర్తు పెట్టండి. ఆల్రిక్ అనే పేరు పదేపదే వస్తోందని వాళ్లు అడిగితే కంగారుపడకండి. ఆవెంటూరియాలో అది మన ఎల్లయ్య, పుల్లయ్యలంత మామూలు పేరు. ఒకే సత్రంలో ముగ్గురు ఆల్రిక్‌లు ఉండొచ్చు. వాళ్లను విడగొట్టాలంటే ముందు ఊరిపేరో వృత్తో ఒంటి గుర్తో చేర్చండి: కమ్మరి ఆల్రిక్, కుంటి ఆల్రిక్, గారెట్ ఆల్రిక్. మార్చిన పేర్లను పట్టికలో తేదీతో సహా ఎక్కించి, పాతవాటిని కొట్టేయకుండా పక్క గడిలో ఉంచండి. తర్వాతి భాగం అనువదించేవాళ్లు ముందు ఆ గడే చూస్తారు.